కూడి నడచుట

చదువవలసిన భాగములు: ఆది. 33:12–14, లూకా 24:13–29

ఆదివారము ఉదయమున చల్లపల్లి చుట్టునున్న పల్లెలనుండి ఆరాధనకు నడచి వచ్చు మన వారిని ఒకమారు చూడుడి. పొలము గట్టుమీద ఒకరి వెనుక ఒకరుగా వచ్చినవారే రోడ్డు ఎక్కగానే ఇద్దరేసి, ముగ్గురేసి కూడుకొందురు. కొంత దూరము పోవునప్పటికి వారి అడుగులు కలిసిపోవును. కుడి, ఎడమ అని చెప్పువాడెవడును లేడు. ఎదుట ట్రాక్టరు వచ్చినయెడల అందరును ఒక ప్రక్కకు ఒదిగి, అది దాటగానే మరల కలిసికొందురు.

ఇది ఎట్లు జరుగుచున్నది? ప్రక్కవాని అడుగుల చప్పుడు విందుము, వాని కదలికను ఓరకంట చూతుము. తెలియకయే మన అడుగును సరిచేసికొందుము. ఇశ్రాయేలు దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిన పరీక్షలో, ఎవరును చెప్పకుండగనే ప్రక్కప్రక్కను నడచిన అనేకుల అడుగులు కలిసినవి. చేతులు పట్టుకొనినప్పుడు ఇంకను బాగుగా కలిసినవి.

అయితే సమాన బలముగలవారితో నడచుట సులువు. బలహీనులతో నడచుటకు వెల చెల్లింపవలెను. ప్రతి మనిషికిని తన కాళ్లకు తగిన వేగమొకటి కలదు. అది మార్చుకొనినయెడల అంతే దూరమునకు ఎక్కువ శక్తి పట్టును. అమెరికాలో 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనలో, తాను ప్రేమించిన స్త్రీతో నడచునప్పుడు పురుషుడు తన వేగము తగ్గించుకొనుచున్నాడని తేలినది. మరి మన సంగతి ఏమి? ఆరాధన ముగిసి ఇంటికి పోవునప్పుడు భర్త 20 అడుగుల ముందు. భార్య బిడ్డను చంకనెత్తుకొని వెనుక. ముసలి తల్లి ఇంకను వెనుక. ఈ మాట వ్రాయుచున్న మేమును అట్లు నడచినవారమే.

ఏశావు వెంట 400 మంది మనుష్యులుండిరి. యాకోబు వెంట పసిపిల్లలును, పాలిచ్చు పశువులును ఉండెను. అందుచేత యాకోబు అన్నతో సమానముగా వడిగా పోవుటకు ఒప్పుకొనక, పిల్లల నడకనుబట్టి మెల్లగా వచ్చెదనని చెప్పెను. ఎమ్మాయు మార్గమున మన ప్రభువు దుఃఖముతో పోవుచున్న ఇద్దరిని దాటి పోలేదు, ఆగుడని కేక వేయలేదు. దగ్గరకు వచ్చి వారి నడకతోనే నడిచెను.

సంఘముగా మన నడకయు ఇట్లే ఉండవలెను. చదువు రానివారు, క్రొత్తగా చేరినవారు, దుఃఖములోనున్నవారు వెనుక మిగిలిపోయినయెడల, మనము ముందుగా చేరితిమని అతిశయపడుటకు ఏమియు లేదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:
1. మన యింటిలో అందరికంటె నెమ్మదిగా నడచువారెవరు?
2. వచ్చు ఆదివారము వారి ప్రక్కను నడచువారెవరు?