పెచుగా మెస్కల్‌ను రుచి చూడటం ఎలా?

ప్రశ్న: మాంసం వేలాడదీసి కాచే పెచుగా మెస్కల్‌ను తొలిసారి రుచి చూసేవారు దాని మంచిచెడ్డలను ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మెస్కల్ అనేది అగావే మొక్క మొదళ్లను నేలలో తవ్విన గుంతలో కాల్చి, నలగ్గొట్టి, పులియబెట్టి కాచే మెక్సికో మద్యం, మన గట్లమీది కిత్తనార కూడా అగావే జాతిదే. వహాకా రాష్ట్రంలో పెళ్లిళ్లకు, పండుగలకు కాచే పెచుగాలో, సిద్ధమైన మెస్కల్‌ను పళ్లు, బాదం, దాల్చినచెక్క వంటివాటితో మరోసారి కాస్తూ, ఆవిరి తగిలేలా పచ్చి కోడి లేదా టర్కీ రొమ్ముమాంసాన్ని వేలాడదీస్తారు. ఇది వినగానే మాంసపు రుచి కోసం వెతకడం సహజమే గానీ, అది విడిగా తెలిసేది అరుదు. నాలుకపై కాస్త నునుపుదనమే తరచుగా గమనించదగ్గది.

వెడల్పు మూతి ఉన్న చిన్న పాత్రలో పోసి, ముక్కును మరీ దగ్గరకు చేర్చకుండా వాసన చూడాలి. రెండు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుంటే, ఘాటు ఆవిరై, కాల్చిన అగావే తీపి వాసన మిగలాలి. తొలి గుక్క నాలుకను అలవాటు చేయడానికే గనుక, తీర్పును రెండో గుక్కదాకా ఆపడం మేలు. పొగ వాసన ఎక్కువైతే నాణ్యత ఎక్కువన్నది వట్టి అపోహ. దాల్చినచెక్క మిగతా రుచులన్నింటినీ కప్పేసినా, ముక్కిన కొవ్వు వాసన వచ్చినా అది లోపమే. వీలైతే అదే తయారీదారు ఎస్పదీన్ రకం అగావేతో కాచిన మామూలు మెస్కల్‌ను పక్కన పెట్టుకుని పోల్చాలి. పళ్లు, సుగంధద్రవ్యాలు చేర్చినదేమిటో అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది.