పాఠము: బిడ్డల నోట మన పాట

చదువుడి: కొలొస్సయులకు 3:16



మన పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నను మూడు వైపుల ఆంధ్ర దేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడము. పెద్దలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను చూడకయే పాడుదురు. ప్రక్కన కూర్చున్న బిడ్డలు పుస్తకము తెరచి, అక్షరములు తెలియక ఊరకుందురు. ఈ పాట మనతోనే ఆగిపోవలెనా? రెండు చోట్ల జరుగు పాటల పండుగలను చూచి నేర్చుకొందము.

1. కైవారము

ఇది చింతామణి తాలూకాలోని గ్రామము. గాజులమ్మి జీవించిన యోగి నారేయణ, అనగా కైవార తాతయ్య, తెలుగులోను కన్నడములోను పదములు కట్టెను. అక్కడ ఆషాఢ పౌర్ణమికి మూడు దినములు, 72 గంటలు, రేయింబవళ్లు సంగీతము సాగును. వారి మార్గము వేరు, మన విశ్వాసము వేరు. అయినను కన్నడ బడిలో చదివినవారు సైతము ఆ తెలుగు పదములు పాడుట గమనింపదగినది. లిపి రాకున్నను వినికిడివలన పాట నిలుచును.

2. వేల్సు దేశము

అక్కడి భాష వెల్షు. 19వ శతాబ్దములో బడులలో ఆంగ్లమే ఏలుచుండెను. 1859లో జాన్ రాబర్ట్స్ అను సంగీతజ్ఞుడు సంఘగానమునకు రాగముల పుస్తకము ప్రచురించెను. ఆ ఏడే అబెర్డేర్‌లో ‘కమాన్వ గాని’, అనగా పాటల కూటము, ఆరంభమాయెను. తరువాత అది పల్లెలకును వ్యాపించెను. పద్ధతి ఏమనగా, పాటలు ముందుగా ఎన్నుకొందురు. ప్రతి సంఘము తనచోట సాధన చేయును. నియమిత దినమున అందరు కూడి పాడుదురు. ఆ దినము గొప్పది. అయితే నెలల తరబడి చేసిన సాధనయే దాని బలము.

3. మనము చేయదగినది

(అ) నెలకొక కీర్తన. మొదట పెద్దలు పాడవలెను, బిడ్డలు వినవలెను. పిమ్మట చరణము చరణముగా చెప్పించవలెను.

(ఆ) కీర్తనను కన్నడ లిపిలో వ్రాసి ఇచ్చుటకు సంకోచింపనక్కరలేదు. రెండు లిపులు తోబుట్టువులు. క, త, శ వంటి కొన్ని అక్షరములును, తలకట్టును ముఖ్యముగా వేరు. వీటిని చూపినచో కన్నడము చదువు బిడ్డ త్వరలోనే తెలుగు కూడబలుకుకొనును.

(ఇ) అర్థము చెప్పక పాడింపకుడి. అపొస్తలుడు పాటను ఒకరికొకరు బోధించుకొను సాధనముగా చెప్పెను గదా. అర్థము తెలియని పాట బోధింపదు.

(ఈ) అసోసియేషన్ కూటములలో ఒక పూట పాటకే ఉంచి, అన్ని సంఘముల బిడ్డలచేత ఆ కీర్తనలనే కలిసి పాడింపుడి. బహుమతుల పోటీ వద్దు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ సంఘములో పదునైదేండ్లలోపువారు ఎన్ని కీర్తనలు చూడకుండ పాడగలరు?
2. పెద్దలకు మాత్రమే తెలిసిన రాగములు ఏవి? అవి ఎవరికి నేర్పబడుచున్నవి?
3. వచ్చు నెలకు ఏ కీర్తన ఎన్నుకొందురు? నేర్పువారెవరు?

మూడవ ప్రశ్నకు పేరు వ్రాసుకొనిన తరువాతనే ఈ పాఠము ముగింపుడి.