అడవిదారిలో అదనపు ఇంధనము – కొన్ని జాగ్రత్తలు

నందికొట్కూరునుండి తూర్పుగా ఆత్మకూరు దాటిన పిమ్మట నల్లమల అడవి మొదలగును. ఉత్తరమున కృష్ణ ఒడ్డున సంగమేశ్వరము, శ్రీశైలము జలాశయపు వెనుకనీరు. ఈ నడుమనున్న మెట్టచేలు, బండలబాటలు, చెంచుగూడెములు మన ప్రాంతమునకు సహజములైన దృశ్యములు. ఇచ్చట పట్టణములలోవలె అడుగడుగున పెట్రోలు బంకులు లేవు. అందువలన చేనికి పోవు ట్రాక్టరు, అడవికి పోవు జీపు, కాలువగట్టున నీరు తోడు ఆయిలింజను – ఈ మూటికిని ట్యాంకులో పట్టినది గాక మరికొంత ఇంధనము వెంట తీసికొనిపోవలసియే యుండును. రైతు కుటుంబములనుండి వచ్చిన మన విద్యార్థులలో పెక్కురు డీజిలు క్యానును మోసినవారే. అయినను ఆ క్యానులో నున్నది ఎట్టి పదార్థమో, దానినెట్లు మోయవలెనో ఏ తరగతిలోను చెప్పుట లేదు. ఆ కొరతను కొంతవరకైన తీర్చుటకే ఈ వ్యాసము.

చాల ఏండ్ల క్రిందట వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరాలయము బయటపడినపుడు, మేము కొందరము ఒక పాత పెట్రోలు జీపును బాడుగకు మాటాడుకొని దర్శనమునకు బయలుదేరితిమి. వెనుక సీటు క్రింద వంటనూనె వచ్చు ప్లాస్టిక్ క్యానులో అదనపు పెట్రోలున్నది. దానికి మూత పోగా, పాలిథీను కాగితము చుట్టి రబ్బరుబ్యాండు వేసియుండిరి. దారిపొడవున మాకు తలనొప్పి పట్టినది. ఒకరికి వాంతియు అయినది. ఎండదెబ్బ యనుకొంటిమి. ఒకచోట బండి ఆగగానే మాలోనే యొకరు వెనుక కూర్చుండి బీడీ వెలిగించుటకు అగ్గిపెట్టె తీసిరి. డ్రైవరు చూచి కేక వేయకున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు మేముండెడివారము కాము. ఆ దినమున మాకు ఎరుకపడిన దొక్కటే: అపాయము ఇంధనములో కన్న, దానినుండి కంటికి కనబడక వెలువడు ఆవిరిలో నున్నది.

పెట్రోలుగాని డీజిలుగాని ద్రవముగా నున్నంతకాలము మండదు. మండునది దాని ఆవిరి. ఎంత వేడిమి వద్ద ఒక ఇంధనము నిప్పు తగిలిన అంటుకొనునంత ఆవిరిని విడుచునో, ఆ వేడిమిని దాని జ్వలనస్థానమందురు. పెట్రోలు జ్వలనస్థానము సున్నకు సుమారు 40 డిగ్రీలు క్రిందనున్నది. అనగా మంచుకొండలమీద నైనను పెట్రోలు ఆవిరి అంటుకొనుటకు సిద్ధముగానే యుండును. ఆ ఆవిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి తేలిపోక నేలబారున ప్రాకి, బండి అడుగున, గుంటలలో చేరి, దూరముననున్న పొయ్యిని వెదకికొని పోగలదు. గాలిలో నూటికి 1.4 పాళ్లనుండి 7.6 పాళ్లవరకు పెట్రోలు ఆవిరి కలిసినచో ఆ మిశ్రమము నిప్పురవ్వకు భగ్గుమనును.

ఇక డీజిలు సంగతి. “డీజిలుకు అగ్గిపుల్ల వేసినను అంటుకొనదు” అని మన పల్లెలలో గట్టి నమ్మకము. చలిదేశములలో ఈ మాట చాలవరకు నిజము. కాని మన దేశపు ప్రమాణముల ప్రకారము డీజిలు జ్వలనస్థానము 35 డిగ్రీలకు తక్కువ కాకుండవలెనని మాత్రమే నియమము. కర్నూలు సీమలో ఏప్రిలు, మే నెలలలో నీడలోనే 40 డిగ్రీలు దాటు దినములు పెక్కు. ఎండలో నిలిచిన ట్రాక్టరు ఇనుపరేకు చేయి పెట్టలేనంతగా కాలును. అట్టి రేకుపై పెట్టిన క్యానులోని డీజిలును నిరపాయమని నమ్మరాదు. పెట్రోలుకు ఎన్ని జాగ్రత్తలో, మన వేసవిలో డీజిలుకును అన్ని జాగ్రత్తలు పాటింపవలసినదే.

ఇంధనము గూడు విడిచి బయటపడినచో ఏమగునో మన ప్రాంతము రెండుమార్లు చూచినది. 2013 అక్టోబరు 30న హైదరాబాదు–బెంగుళూరు రహదారిపై పాలెము వద్ద ఒక బస్సు కల్వర్టును గుద్దుకొనగా మంటలు చెలరేగి 45 మంది మరణించిరి. 2025 అక్టోబరు 24న అదే రహదారిపై, కర్నూలుకు చేరువనున్న చిన్నటేకూరు వద్ద ఒక మోటారు సైకిలు బస్సు క్రింద ఇరుక్కొని ఈడ్వబడగా నిప్పంటుకొని సుమారు 20 మంది ప్రాణములు కోల్పోయిరి. వాహనముతో పాటు తయారైన ట్యాంకుల సంగతియే ఇట్లున్నపుడు, తాడుతో కట్టిన ప్లాస్టిక్ క్యాను సంగతి వేరుగ చెప్పనేల?

ఇంధనమును మోయుటకు తగిన పాత్ర ఏది? దీనికి సమాధానము ఒక యుద్ధచరిత్రలో నున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిషు సేనలు నాలుగు గ్యాలనుల పలుచని రేకుడబ్బాలలో పెట్రోలు మోసెడివి. మన యిండ్లలో ఒకప్పుడు నీళ్లు మోయుటకు వాడిన కిరసనాయిలు డబ్బా వంటిదే అది. రాళ్లదారుల కుదుపులకు ఆ డబ్బాల అతుకులు విడిపోయి, పెట్రోలులో పెద్దభాగము ఇసుకపాలయ్యెడిది. జర్మనులు మాత్రము 1937 ప్రాంతముననే 20 లీటర్లు పట్టు గట్టి ఉక్కు డబ్బాను రూపొందించియుండిరి. శత్రువు విడిచిపోయిన డబ్బాలను బ్రిటిషు సైనికులు ఏరుకొని వాడి, తుదకు తామును అట్టివే చేసికొనిరి. జర్మనులను సైనికులు “జెర్రీ” అని వ్యవహరించుటచే దానికి జెర్రీ క్యాను అను పేరు స్థిరపడినది.

ఈ డబ్బాకు మన దేశముతో ఒక చిత్రమైన సంబంధము కలదు. పాల్ ప్లైస్ అను అమెరికా ఇంజనీరు 1939లో ఒక జర్మను మిత్రునితో కలిసి బెర్లిననుండి మోటారుబండిలో భారతదేశమునకు బయలుదేరెను. దారిలో నీటికి పాత్రలు లేవని గుర్తించి, ఆ మిత్రుడు ఇట్టి డబ్బాలు మూటిని తెచ్చెను. బండి అనేక దేశముల సరిహద్దులు దాటి కలకత్తా చేరినది. ఆ డబ్బా గుణము తెలిసిన ప్లైస్ తరువాత దానిని అమెరికా సేనాధికారుల దృష్టికి తెచ్చెను.

దాని నిర్మాణమును విద్యార్థులు గమనింపవలెను. ఉక్కురేకులో అచ్చొత్తిన రెండు సగములను అతికి, ఆ అతుకును దెబ్బ తగులకుండ లోతుగా నుంచిరి. ప్రక్కలనున్న గాడులు రేకునకు బలమిచ్చుటయే గాక, లోపలి ద్రవము వ్యాకోచించినపుడు రేకు కొంత సాగుటకు తోడ్పడును. పైన మూడు పిడులు. నిండు డబ్బాను ఇద్దరు పట్టుకొనవచ్చును, ఒక్కడే రెండేసి ఖాళీ డబ్బాలను ఒక చేతితో మోయవచ్చును. మరతిప్పు మూతకు బదులు మీటతో బిగియు మూత. మెడ ప్రక్కన కొంత గాలి నిలుచు చోటు.

ఆ గాలిచోటు వృథా కాదు. ఒక లీటరు పెట్రోలు ఒక డిగ్రీ వేడిమికి సుమారు 0.00095 లీటరు పెరుగును. తెల్లవారుజామున 22 డిగ్రీల వద్ద 20 లీటర్లు నింపినామనుకొనుడు. మధ్యాహ్నమునకు అది ఎండలో 52 డిగ్రీలకు కాగినచో, పెరుగుదల 20 × 0.00095 × 30, అనగా అరలీటరుకు పైమాటే. నిండుగ నింపిన పాత్రలో ఆ అరలీటరు ఎచటికి పోవలెను? మూతను నెట్టుకొని బయటికి వచ్చును, లేదా పాత్రను ఉబ్బించును. కావున ఏ పాత్రనైనను నూటికి 95 పాళ్లకు మించి నింపరాదు.

నింపునపుడు పాటింపవలసినది మరొకటి కలదు. చలికాలమున నైలాను చొక్కా విప్పునపుడు చిటపటమను స్థిరవిద్యుత్తు అందరెరిగినదే. పొడిగాలి వీచు మన సీమలో అది మరింత ఎక్కువ. గొట్టమునుండి వేగముగా జారు ఇంధనములోను అట్టి విద్యుత్తు పుట్టును. పాత్ర ట్రాలీలోనో ప్లాస్టిక్ పట్టామీదనో ఉన్నచో ఆ విద్యుత్తు భూమికి దిగిపోవు దారిలేక, గొట్టమునకు పాత్రకు నడుమ నిప్పురవ్వగా దూకవచ్చును. అందుచేత పాత్రను బండినుండి దించి నేలపై నుంచి, గొట్టపు కొన పాత్రమూతికి తాకియుండునట్లు పట్టి, మెల్లగ నింపవలెను.

బండిలో దాని స్థానము విషయమున ఈ క్రింది సంగతులు ముఖ్యములు.

ఒకటి: మనుష్యులు కూర్చుండుచోట పెట్టరాదు. ఆవిరి పీల్చుట హానికరము. అంటుకొన్నచో తప్పించుకొనుటకు వ్యవధియుండదు.

రెండు: జీపు పైకప్పుమీద కట్టరాదు. 20 లీటర్ల పెట్రోలు సుమారు 15 కిలోలు. ఉక్కు డబ్బాతో కలిసి ఇరువది కిలోలకు దగ్గరగా నుండును. అంత బరువు ఎత్తున నున్నచో గురుత్వకేంద్రము పైకి జరిగి, ఏటవాలు దారిలో బండి బోల్తాపడు అవకాశము హెచ్చును. పైగా అది ఎండకు ముఖాముఖి.

మూడు: బండికి కట్టకొసన వ్రేలాడదీయరాదు. వెనుకనుండి ఎవరు గుద్దినను తొలిదెబ్బ దానికే.

నాలుగు: సైలెన్సరుకు, బ్యాటరీకి దూరముగా, వీలైనంత దిగువను, బండి నడిమికి చేరువగా నిలువున నిలిపి, పట్టీలతో కదలకుండ బిగింపవలెను. ట్రాలీలోనైనచో ముందుపలకకు ఆనించుట మేలు. గుంటక పళ్లు, గడ్డపారలు దానిని తాకరాదు.

ఐదు: డబ్బా క్రింద పాత ట్యూబురబ్బరు ముక్క వేయవలెను. ఇనుము ఇనుముతో రాచుకొన్నచో కొన్ని ప్రయాణములలోనే రేకు చిల్లిపడును. గోనెపట్టా పనికిరాదు, కారిన చుక్కలను పీల్చి అదియే వత్తివలె తయారగును.

ట్యాంకులో చోటు కలుగగానే డబ్బాలోనిదానిని పోసివేయుట ఉత్తమము. పోయుటకు ముందు ఇంజనును ఆపి చల్లారనీయవలెను, గరాటు వాడవలెను. నోటితో పైపు పీల్చు అలవాటు మిక్కిలి అపాయకరము. ఒక్క గుక్క ఊపిరితిత్తులలోనికి పోయినను ప్రాణముమీదికి వచ్చును. పొరపాటున మ్రింగినవారికి వాంతి చేయింపరాదు. వాంతిలో అది మరల ఊపిరితిత్తులకు చేరును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నీళ్ల సీసాలలో ఇంధనము పోయుట మరియొక పెద్దతప్పు. తెలుగు ఇండ్లలో కిరసనాయిలన్నను, ఉర్దూ ఇండ్లలో మిట్టీ కా తేల్ అన్నను, దాహముతో వచ్చిన పసిబిడ్డకు సీసాలో నున్నది నీరుగానే తోచును.

ఖాళీడబ్బా నిరపాయమనుట మరొక భ్రమ. అడుగున తడి మిగిలిన డబ్బాలో ఆవిరి, లోనికి చొరబడిన గాలి కలిసి పైన చెప్పిన పేలుడుపాళ్లకు చేరవచ్చును. ఖాళీ ఇంధనపు పీపాకు వెల్డింగు పెట్టబోయి కాలిపోయినవారి వార్తలను పత్రికలలో చదువుచునే యున్నాము. కావున ఖాళీడబ్బాకును మూత బిగించియే యుంచవలెను. మంట లేచినచో నీరు పోయరాదు. ఇంధనము నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. ఇసుక చల్లవలెను, లేదా పొడిమందు అగ్నిమాపకమును వాడవలెను.

చట్టమును కూడ తెలిసికొనుట మంచిది. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము ప్రకారము, అమ్మకమునకు గాక సొంతమునకు 30 లీటర్లవరకు పెట్రోలును లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. కాని పాత్ర గట్టి బిరడా కలిగియుండవలెను. గాజుదైనచో ఒక లీటరుకు, లోహపుదైనచో 25 లీటర్లకు మించరాదు. వంటనూనె ప్లాస్టిక్ క్యానుకు ఈ నియమములో చోటు లేదు. డీజిలు విషయమున పరిమితులు చాల సడలింపుగా నున్నవి. చట్టము సడలించినంత మాత్రమున మన ఎండ సడలింపదు.

అన్నిటికన్న మేలైన జాగ్రత్త లెక్క. తారురోడ్డుపై లీటరుకు పది కిలోమీటర్లు పోవు జీపు, బండలబాటలో తక్కువ గేరుతో ఆరేడుకు మించి పోకపోవచ్చును. ఉన్న ఇంధనమున మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ఆపదకు అనునది ప్రయాణీకుల పాతలెక్క. ఆ లెక్క వేసికొన్నచో పెక్కుసార్లు అదనపు డబ్బా అవసరమే కలుగదు. మోయనవసరము లేని ఇంధనమును మించిన క్షేమమైన ఇంధనము లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక మనవి. విహారయాత్రలకు బండి కుదుర్చునపుడు బాడుగతోపాటు, అదనపు ఇంధనమును ఎందులో, ఎచ్చట పెట్టెదరని కూడ అడుగవలెను. అగ్నిమాపకము లేని బండిని ఒప్పుకొనరాదు. విద్యార్థులకు మాదొక కోరిక. ఈ సాయంత్రము ఇంటికి పోగానే మీ ట్రాక్టరు ప్రక్కనున్న క్యానును ఒకసారి చూడుడు. దానికి మూత యున్నదా? పొయ్యికి ఎంత దూరమున నున్నది? మీ నాయనగారికి, అబ్బాజానుకు ఈ సంగతులు నెమ్మదిగా చెప్పుడు. చదువు పుస్తకములోనుండి పెరటిలోనికి నడిచినపుడే దానికి సార్థకత.