బొంబాయి మిల్లు భూములు: ఖాళీ స్థలమనగానేమి?

ప్రభుత్వ స్థలాన్ని ప్రైవేటు నిర్మాణానికి అమ్మినప్పుడు మనం సాధారణంగా ధరను గురించే చర్చిస్తాము. బొంబాయి బట్టల మిల్లుల ఉదంతాన్ని పరిశీలించినప్పుడు, 'ఖాళీ' అన్న మాటకు అర్థమే అంతకు మించిన సమస్య అని మాకు తోచింది.

నష్టాలలో కూరుకొనిపోయిన మిల్లులను 1974లో జాతీయం చేసి జాతీయ జౌళి సంస్థకు అప్పగించారు. 1982 సమ్మె తరువాత నగరంలో అనేక మిల్లులు క్రమంగా మూతపడ్డాయి. మిల్లు నేలను ఇతర నిర్మాణాలకు వినియోగించినచో, సుమారు మూడవ వంతు మైదానాలకు, మరొక మూడవ వంతు ప్రభుత్వ గృహాలకు ఇవ్వాలని 1991 నాటి నిబంధన. 2001 సవరణ ఆ పంపకాన్ని ఖాళీ నేలకే పరిమితం చేసింది.

మరి షెడ్డును పడగొట్టిన తరువాత మిగిలిన నేల ఖాళీయా, కాదా? మిల్లు ఆవరణలో షెడ్లే అధికం గదా! జవాబును బట్టి ఎకరాలకు ఎకరాలు చేతులు మారతాయి.

2005లో ఆ సంస్థ ఐదు మిల్లులను దాదాపు 2,000 కోట్ల రూపాయలకు విక్రయించింది. ఒక్క ముంబయి టెక్స్‌టైల్ మిల్లుకే 702 కోట్లు. ఆ సొమ్ముతో కార్మికుల బకాయిలు తీర్చి, నడపదగిన మిల్లులను బాగుచేయవచ్చునన్న వాదాన్ని మేము తేలికగా కొట్టివేయలేము. అదే సంవత్సరం హైకోర్టు, కూల్చిన చోటు కూడ ఖాళీయే అన్నది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు కాదన్నది, అమ్మకాలు చెల్లాయి.

ఆ మిల్లులలో తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీలు ఎందరో నేతపని చేశారు. పాత కార్మికుల ఇళ్ళ కోసం 2012లో లాటరీ తీసినప్పుడు ఇళ్ళు ఏడువేలకు లోపు. కోరినవారు లక్షకు పైగా.