పైరుల దేహనిర్మాణము: జీవకణము మొదలు వరిదుబ్బు వఱకు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు వరి, పసుపు, ప్రత్తి సేద్యము చేయు రైతులకు తమ పైరుల బయటి రూపము చక్కగా దెలియును. ఆకు వన్నె తప్పినను, పిలక యెండినను గట్టుమీదినుండియే కనిపెట్టగలరు. అయితే పైరునకు గలుగు మేలుగాని కీడుగాని మొదట ఆకునందు పుట్టదు. కంటి కగపడని మిక్కిలి చిన్న యరలలో పుట్టి, కొన్ని దినములకు పైకి దేలును. ఈ యరలకు జీవకణములని పేరు. వీని సంగతి కొంత యెఱిగినచో, ఏ పని యెప్పుడు చేయవలెనో, ఏ వేళ దాటిన పిమ్మట చేసిన పని వ్యర్థమగునో రైతు తానే నిర్ణయించుకొనగలడు.

1665వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ బెండు ముక్కను పలుచగా గోసి సూక్ష్మదర్శినితో జూచి, అది తేనెపట్టువలె గదులు గదులుగా నున్నదని కనుగొనెను. 1838, 1839 సంవత్సరములలో జర్మనీ దేశీయులగు ష్లైడెన్, ష్వాన్ అనువారు చెట్టుచేమలును జంతువులును గూడ నిట్టి కణములతోనే నిర్మింపబడినవని తెలిపిరి. క్రొత్త కణము మఱియొక కణమునుండియే పుట్టును. మట్టినుండి గాని యెరువునుండి గాని తనంత పుట్టదు. ఎరువు కణమున కాహారము మాత్రమే. కణములు చచ్చిన చోట నెంత యెరువు వేసినను ఫలము లేకపోవుటకు కారణ మిదియే.

సామాన్యముగా కణము కంటి కగపడదంటిమి. కాని సిరిసిల్ల వైపు రైతు తన చేతనే యొక కణమును పట్టి చూడవచ్చును. దూదినుండి ఒక్క పోగు లాగినచో, దాదాపు అంగుళము పొడవు గల యా పోగంతయు ఒకే జీవకణము. పూవు విచ్చిన దినము మొదలు గింజ పైపొరలోని కణములు కొన్ని వెలుపలికి సాగ నారంభించును. సుమారు మూడు వారములు పొడవు పెరుగును. తరువాత పొడవు నిలిచి, లోపలివైపున పొరమీద పొరగా గోడ మందమగును. కాయ పగులునాటికి కణము చచ్చి, యెండి, నొక్కిన గొట్టమువలె చదునై మెలికలు తిరుగును. ఆ మెలికలచేతనే పోగులు ఒకదాని నొకటి పట్టుకొని నూలుగా వడకుటకు వీలగుచున్నది. సిరిసిల్ల మగ్గములమీద నేడు పాలియెస్టరు నూలు విశేషముగా నేయబడుచున్నను, ప్రత్తి నూలునకు గల యీ గుణము దానికి పుట్టుకతో రాలేదు, మెలిపెట్టి కల్పింపవలసినదే.

దీనివలన రైతునకు దెలియవలసిన దేమనగా, పూత తరువాతి మూడు వారములలో పైరు బెట్టకు వచ్చినచో పోగు పొట్టిదగును. ఆపైన బెట్ట తగిలినచో పొడవుండియు బలము తక్కువగును. ఒకసారి పొట్టిగా నిలిచిన పోగు వెనుకవచ్చిన వానచే సాగదు.

ఒంటి కణము మొక్కను మోయజాలదు. ఒకే విధమైన పని చేయు కణములు గుంపుగూడిన దానికి కణజాలమనియు, కణజాలములు కొన్ని కలిసి యేర్పడిన ఆకు, వేరు, కాండము మొదలగువానికి అవయవములనియు పేర్లు. కోరుట్ల, మెట్‌పల్లి రైతులు త్రవ్వు పసుపుకొమ్మును అడ్డముగా గోసి చూచినచో ఈ వరుస కొంత యగపడును. పైతోలు కాపలా కాయు కణజాలము. లోపలి మెత్తని భాగము పిండిని నిలువచేయునది. దానినడుమ నక్కడక్కడ పసుపురంగును, నూనెను దాచిన కణములు, నీటిని మోయు సన్నని నారలును గలవు. కొమ్మును వేరని తలచువారు కలరు గాని, కణుపులును కన్నులును గలిగియుండుటచే నది భూమిలో పెరుగు కాండమే. పసుపు వండునప్పుడు కణములు చచ్చి, పిండి యుబ్బి ముద్దయగును, కణములలో దాగిన రంగు కొమ్మంతట నొకే తీరుగ వ్యాపించును. విత్తనపు కొమ్మును వండరాదని రైతులకు జెప్ప నక్కఱలేదు.

అయితే వేఱొక సంగతి చెప్పవలసియున్నది. మనము పండించు పసుపు గింజ కట్టదు. ఏటేట నాటునది పాత మొక్కయొక్క దేహపు ముక్కయే. కాబట్టి గత సంవత్సరపు తెగులు విత్తనముతో గూడ క్రొత్త మడికి వచ్చును. దుంపకుళ్ళు కలిగించు బూజు నీరు నిలిచిన చోట కొమ్ములోనికి జొచ్చి, కణముల గోడలను మెత్తబఱచును. కుళ్ళు సోకిన మడిలో బాగుగ గనబడు కొమ్ము నైనను విత్తనమునకు దీయరాదు.

ఇక వరి సంగతి. ఆవుదూడ నాలుగు కాళ్ళతో పుట్టి నాలుగు కాళ్ళతోనే పెరుగును. మొక్క యట్లు గాదు. జీవించినంతకాలము క్రొత్త ఆకులను, పిలకలను పుట్టించుచునే యుండును. ఇందుకు కారణము ప్రతి పిలక యడుగున, ఆకుతొడుగుల నడుమ దాగియున్న వృద్ధిస్థానము. గుండుసూది తలకంటె చిన్నదగు నా చోటనే కణములు ఎడతెగక విభాగము పొందుచు ముందు ఆకులును, తుదకు వెన్నును నిర్మించును. పెరిగిన ఆకు కొన చిరిగినను వరికి గొప్ప నష్టము లేదు. వృద్ధిస్థానము చెడినచో నా పిలక పోయినట్లే.

జగిత్యాల ప్రాంతమున వానకాలపు వరిని బాధించు ఉల్లికోడు సరిగా నీ చోటనే దెబ్బ తీయును. దోమను బోలిన చిన్న ఈగ ఆకులమీద గ్రుడ్లు పెట్టును. మూడు నాలుగు దినములకు పుట్టిన పురుగు మంచు తేమలోను వానజల్లు తడిలోను జారుచు, తొడుగుల నడుమ దిగి వృద్ధిస్థానము చేరును. మబ్బు, తుంపర గల దినములలో నీ పురుగు హెచ్చుటకు ఒక కారణ మిదియే, ఆకు పొడిగా నున్నచో అది దిగలేదు. అచ్చట దాని నోటి రసము సోకి ఆకుగా మారవలసిన కణములు దారి తప్పును. ఆకుతొడుగు ఉల్లికాడవంటి గొట్టమై పురుగుచుట్టు గది యగును. మొక్క కణములచేతనే పురుగు తన యిల్లు కట్టించుకొనుచున్నది. వెండివన్నె గొట్టము పైకి గనబడు వేళకు లోపలి పురుగు పెరుగుట దాదాపు ముగిసియుండును. పిమ్మట గొట్టపు కొనయందు రంధ్రము చేసికొని ఈగ యెగిరిపోవును. రంధ్రమున నంటియుండు పొరను రైతులు చూడవచ్చును. ఆ పిలక వెన్ను వేయదు. గొట్టము కనబడిన తరువాత మందు వేసినను ఆ పిలక మరల రాదు, ప్రక్క పిలకలు మాత్రమే దక్కవచ్చును.

పిలక చెడగానే దుబ్బు క్రొత్త పిలకలను వేయును. ఇది చూచి పైరు గుబురుగా నున్నదని సంతోషించువారు కలరు. ఆ పిలకలును మరల పురుగు పాలగును, లేదా ఆలస్యముగా వెన్ను వేసి తక్కినవానితో బాటు పండవు.

వృద్ధిస్థానము వెన్నుగా మారిన పిమ్మట ఉల్లికోడు గొట్టము కట్టలేదు. కావున ముందు నాటిన పైరు, ఈగలు బలియకమునుపే ఆ దశ దాటును. చెఱువు నిండలేదనియో, కాలువ నీరు రాలేదనియో ఆలస్యముగా నాటిన మడులే ఎక్కువ నష్టపడును. నాటు వెనుకబడునని తోచినచో ముందుగానే తట్టుకొను రకము నెన్నుకొనవలెను. కోసిన మోళ్ళనుండి లేచు పిలకలును, అడవి వరియు పురుగునకు ఆశ్రయము గనుక మోళ్ళను దున్నివేయవలెను.

తట్టుకొను రకములలో కొన్నింటియందు పురుగు సోకగానే చుట్టునున్న కణములు తామే గోధుమవన్నె దాల్చి చచ్చును. తిండి లేక పురుగును చచ్చును. కొన్నింటియందు కణములు చావకయే పురుగు నశించును. సాంబ మహసూరిని, వరంగల్లున వెలువడిన కావ్యతో సంకరపఱచి, జగిత్యాల సమీపమున పొలసలోని పరిశోధనాస్థానమువారు తీసిన జగిత్యాల సన్నాలు ఇట్లు తట్టుకొనునవియే. అయితే ఉల్లికోడులోను తెగలు కలవు. జగిత్యాలలోని తెగ వేఱు, వరంగల్లులోనిది వేఱు, శ్రీకాకుళములోనిది వేఱు. ఒకచోట తట్టుకొన్న రకము మఱియొకచోట లొంగవచ్చును. కావున బంధువుల యూరినుండి విత్తనము దెచ్చుకొను రైతు, ఆ రకము మన ప్రాంతపు తెగకు నిలుచునా యని ముందుగా పొలసలో విచారించి, పిమ్మటనే నారు పోయవలెను.