మన వివరాలు – మన హక్కు

హాస్టల్లో చేరే రోజున ప్రతి విద్యార్థీ ఒక ఫైలు పట్టుకొని వస్తాడు. అందులో కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు ఉంటాయి. స్కాలర్‌షిప్ కావాలంటే ఇవన్నీ ఇవ్వక తప్పదు. ఉన్నవాళ్ళ పిల్లలు ఎవరికీ చెప్పనక్కరలేని ఇంటి సంగతులు మనం ఇలా కాగితం మీద పెట్టి ఇస్తాం. అందుకే గోప్యత గురించి అందరికంటే ముందు మనం తెలుసుకోవాలి.

గోప్యత అంటే తప్పును దాచడం కాదు. నా వివరం ఎవరికి, ఎందుకు, ఎంతవరకు తెలియాలో నిర్ణయించుకునే హక్కు.

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బి.సి. కమిషన్‌కు అధ్యక్షత వహించింది ఆయనే. పేదలకు కావలసింది సంక్షేమమే గాని ఇలాంటి హక్కులు కావన్న వాదన ఆ విచారణలో వచ్చింది. కోర్టు దానిని తిరస్కరించింది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు.

ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చట్టంలోని ముఖ్యాంశాలు ఇవి:

1. మన సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా చెప్పాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలుండాలి.
2. ఇచ్చిన సమ్మతిని ఎంత తేలికగా ఇచ్చామో అంత తేలికగా వెనక్కి తీసుకోవచ్చు.
3. 18 ఏళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి.
4. సమాచారాన్ని భద్రంగా ఉంచని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అయితే ఈ చట్టం కంప్యూటర్లోకి ఎక్కిన సమాచారానికే వర్తిస్తుంది. సంక్షేమ పథకాల కోసం ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకోవచ్చు. అప్పుడు కూడా అవసరమైన మేరకే, భద్రంగా వాడాలని నియమాలు చెబుతున్నాయి. మనలాంటి వారికి ఇదే కీలకం.

చట్టం ఉన్నా మన జాగ్రత్త మనకు ఉండాలి. జిరాక్సు మీద "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం చేయండి. ఆధార్ అడిగిన ప్రతిచోటా పూర్తి నంబరు ఇవ్వనవసరం లేదు. కుదిరినచోట చివరి 4 అంకెలే కనిపించే ప్రతిని ఇవ్వండి. నెట్ సెంటర్లో పని అయ్యాక స్కాన్ చేసిన ఫైళ్ళు తొలగించండి. స్కాలర్‌షిప్ పడిందంటూ ఓటీపీ అడిగితే చెప్పకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. తోటి విద్యార్థుల ఖాతా నంబర్లున్న జాబితాను ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టకండి.

సోదర సోదరీమణులారా! సహాయం పొందడం మన హక్కు. అందుకోసం ఇచ్చిన వివరాలకు రక్షణ కోరడం కూడా మన హక్కే. కాగితం ఇచ్చే ముందు "ఇది ఎందుకండీ?" అని మర్యాదగా అడగడం ఈ రోజు నుంచే అలవాటు చేసుకుందాం.