పాత కంప్యూటరు – పాటింపవలసిన జాగ్రత్తలు

మన గ్రామములలోని కార్యాలయములందును, సహకార సంఘములందును, కొందరు రైతుల ఇండ్లలోను పది, పదిహేను సంవత్సరముల నాటి కంప్యూటర్లు ఇంకను పనిచేయుచున్నవి. తెర వెలుగుచున్నది, లెక్కలు కూడుచున్నది, కాగితము అచ్చగుచున్నది. ఇక దీనికేమి లోపమని మీరు అడుగవచ్చును. లోపము యంత్రములో కాదు, దానిని నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండవచ్చును.

గడువు తీరుట అనగా ఏమి?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో దొంగలు దూరగల సందు బయటపడినపుడెల్ల, దానిని తయారుచేసిన కంపెనీ ఆ సందును పూడ్చు మరమ్మతును ఇంటర్నెట్టు ద్వారా పంపును. కొన్ని సంవత్సరములకు ఈ పని నిలిపివేయును. విండోస్ ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కి 2023 జనవరి 10న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ సహాయము ముగిసినది. విండోస్ 10లో ప్రత్యేకముగా నమోదు చేసుకొన్న కంప్యూటర్లకు మాత్రము మరికొంత గడువు ఇయ్యబడినది.

తెగులును తట్టుకొను వరి వంగడము కొన్నేండ్లకు అదే తెగులుకు లొంగిపోవుట మీరు చూచియే యుందురు. వంగడము మారలేదు, తెగులు మారినది. పాత కంప్యూటరు స్థితియు ఇట్టిదే.

2017 మే 12న వన్నాక్రై అను వైరసు బయలుదేరి, సుమారు 150 దేశములలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టినది. అందలి ఫైళ్ళకు తాళము వేసి, విడిపించుటకు డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడ దీని వాతబడినవి. ఆ సందును పూడ్చు మరమ్మతు మార్చి నెలలోనే విడుదలైనది. సకాలములో వేసికొన్నవారు దాని వాత బడలేదు. గడువు తీరిన ఎక్స్‌పికి మాత్రము దాడి మొదలైన పిమ్మటనే అది అందరికిని లభించినది.

మీ కంప్యూటరు ఏది?

కీబోర్డుపై విండోస్ గుర్తుగల మీటను, 'ఆర్' అక్షరపు మీటను కలిపి నొక్కుడు. వచ్చిన గడిలో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అను అక్షరములు వరుసగా కొట్టి ఎంటర్ నొక్కినచో పేరు కనబడును. దానిని పై తేదీలతో సరిచూచుకొనుడు.

గడువు తీరినదైనచో

1. ఇంటర్నెట్టు తీగను ఊడదీయుడు, వైఫైని ఆపివేయుడు. లెక్కలు వ్రాయుటకు, ఉత్తరములు అచ్చువేయుటకు ఇంటర్నెట్టుతో పనిలేదు. ఇది అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త.

2. బ్యాంకు పనులు, డబ్బు చెల్లింపులు, ఆధార్ నంబర్లతో కూడిన పనులు దానిపై చేయరాదు. ఆ పాస్‌వర్డులు దానిలో ఇదివరకు వాడియున్నచో, వేరొక మంచి కంప్యూటరునుండి మార్చుకొనవలెను.

3. పెన్ డ్రైవు ద్వారా కూడ వైరసు వచ్చును. బయటినుండి వచ్చిన దానిని ముందు కొత్త కంప్యూటరుపై తనిఖీ చేయించిన పిమ్మటనే పాతదానికి తగిలింపవలెను.

4. వైరసును పట్టు ప్రోగ్రాము ఉన్నదికదా అని ధైర్యపడరాదు. అది కావలివాని వంటిది. కూలిన గోడను కట్టజాలదు.

నకళ్ళు తీయుట

సంఘ సభ్యుల ఖాతాలు, అప్పుల పద్దులు, భూమి కాగితముల నకళ్ళు పోయినచో యంత్రము కొన్నంత సులభముగా అవి తిరిగి రావు. కావున వారమున కొకసారి రెండు నకళ్ళు తీయుడు. ఒకటి కార్యాలయమున, రెండవది వేరొకచోట భద్రపరచుడు. నకలు తీసినవెంటనే డ్రైవును కంప్యూటరునుండి విడదీయవలెను. తగిలించి ఉంచినచో వైరసు దానికిని తాళము వేయును. నెలకొకసారి నకలులోని ఫైలును వేరొక కంప్యూటరుపై తెరచి చూచుకొనుడు.

ఇంటర్నెట్టు తప్పనిసరియైనచో

ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుటయే మార్గము. విండోస్ 11 చాల పాత యంత్రములకు ఎక్కదు, దానికి టి.పి.ఎం. 2.0 అను భద్రతా భాగమును, కనీసము 4 జి.బి. మెమొరీయు కావలెను. అట్టిచోట లైనక్స్ మింట్ వంటివి ఉచితముగా దొరకును. దానికి 2 జి.బి. మెమొరీ చాలును, 4 ఉన్నచో మేలు. అయితే విండోస్‌కై తయారైన లెక్కల ప్రోగ్రాములు కొన్ని దానిపై నడువవు. కావున ముందు నకళ్ళు తీసి, తెలిసినవారిచే పరీక్షింపజేసి, పిమ్మట మార్పించుకొనుడు.

ప్రమాదము జరిగినచో

ఫైళ్ళు తెరచుకొనక, డబ్బు అడుగు ప్రకటన తెరపై కనబడినచో, వెంటనే ఇంటర్నెట్టు తీగను, పెన్ డ్రైవులను తీసివేయుడు. డబ్బు పంపరాదు, పంపినను ఫైళ్ళు తిరిగివచ్చునను నమ్మకము లేదు. ఖాతానుండి సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకువారికి కూడ తెలుపుడు.

పాత యంత్రమును పారవేయ నక్కరలేదు. దానికి తగిన పనిని దానికి అప్పగించి, డబ్బు పనులను దానికి దూరముగా ఉంచుడు. ఈ వారమే మీ కంప్యూటరు పేరు చూచుకొని, మొదటి నకలు తీయుడు.